గుణకం నలభై ఆరు

కంకాల్ రేవులో ఆటుపోట్ల పుస్తకం
అరచేతిలో ఇమిడేంత ఉంటుంది.
ఏటా డిసెంబరులో పొగాకు కొట్లో కొంటారు.
ఏ పూట సముద్రం ఎంత దూరం పోతుందో
గంటలూ నిమిషాలూ, పక్కన ఒక గుణకం.
ఇరవై అంటే నీళ్లు కదలడానికి బద్ధకిస్తాయి.
నూట పది అంటే అడుగంతా బయటపడుతుంది:
ఆలిచిప్పల మడులు, ఇనుప బల్లలు,
ఎప్పుడో మునిగిన ఎవరిదో ఒంటి బూటు.

రోజెన్ దగ్గర అలాంటివి ముప్పై ఒకటి,
బిస్కెట్ల డబ్బాలో, రబ్బరు బ్యాండు వేసి.
ప్రతి పుస్తకంలోనూ నెలకోసారి
ఎర్ర పెన్సిల్‌తో చిన్న ఇంటూ గుర్తు.

తల్లి అన్నాయిగ్ నేర్పిన అలవాటది.
"మనల్నీ నీళ్లనీ లాగేది ఒకే తాడు" అనేది ఆవిడ
చిప్ప సందున కత్తి దూర్చి తిప్పుతూ.
తాడు ఎవరి చేతిలో ఉందో చెప్పే పనే లేదు,
మబ్బు లేని రాత్రి షెడ్డు కప్పు మీదే కూర్చునేవాడు.

ఇప్పుడు మేనకోడలు ఎనోరా,
రెన్‌లో లెక్కలు చదివిన పిల్ల,
వంటగది బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి
గుర్తులన్నీ ఒక్కొక్కటే ఎక్కించింది.
నాలుగు వందల పైచిలుకు. మూడు ఆదివారాలు.

"ఏమీ లేదత్తా," అంది చివరికి
ఎవరో పోయిన కబురు చెప్పినట్టు.
"నీది ఇరవై ఏడు రోజుల నడక.
చంద్రుడిది ఇరవై తొమ్మిదిన్నర.
పది నెలలకో పదకొండుకో ఒకసారి
దారిలో ఎదురవుతారు, అంతే.
పలకరించుకున్నట్టు కూడా లేదు."

రోజెన్ నవ్వింది. పై పన్ను ఒకటి లేదు.
"మంచిదే. పనికీ ఒంటికీ
ఒకడే యజమాని అనుకున్నా ఇన్నాళ్లూ.
ఒళ్లన్నా నాదేనన్నమాట."

సముద్రం మాత్రం? అదీ చెప్పగానే వినదు.
పున్నమి వెళ్లిన రోజున్నరకి గానీ
ఇక్కడ పెద్ద పోటు రాదు,
పిలిస్తే తాపీగా తల తిప్పే ముసలి గుర్రంలా.

ఒకచోట ఆగింది ఎనోరా వేలు.
"ఇక్కడ మాత్రం... ఒక చలికాలం, వరసగా ఐదు,
ఐదూ పున్నమి పక్కనే. కాకతాళీయం కావచ్చు."
ఆ చలికాలం రోజెన్‌కి గుర్తుంది.
క్రిస్మస్ ముందు చిప్పల దొంగలు తిరుగుతుంటే
మడుల కాపలాకి షెడ్డులోనే పడుకుంది,
దీపం లేకుండా, తలుపు తీసిపెట్టుకుని.
వెన్నెల మంచం మీదికి వచ్చి పోయేది.
చెబుదామనుకుంది.
ఐదు గుర్తులు సాక్ష్యానికి చాలవంటుంది పిల్ల.
నిజమే, చాలవు.

ఇంకా కిందికి. తొంభై నాలుగు.
మార్చి ఉంది. ఏప్రిల్ లేదు, మే లేదు, జూన్ లేదు.
"ఇక్కడ రాయడం మర్చిపోయావా?"

నెల తప్పింది.
రెండే మాటలు.
వాటిలో చంద్రుడున్నాడు, నెత్తురుంది,
వాకిట్లో కూర్చుని ఎవెన్
ఊయలకని చెక్కకు చిత్రిక పట్టిన చప్పుడుంది.
రోజెన్ వాటిని పైకి అనలేదు.
కాఫీ గిన్నె కింద మంట తగ్గించింది.

జులై రెండున గుర్తు మళ్లీ ఉంది,
అన్నిటికన్నా గట్టిగా, కాగితం చిరిగేలా.
పక్కన అచ్చయిన గుణకం నలభై ఆరు.
పున్నమి కాదు, అమావాస్య కాదు.
సముద్రం సగం మనసుతో కదిలిన రోజు.
ఏ తాడూ లాగని రోజు.

కంప్యూటరు అడుగుతోంది:
ఖాళీ వరసలు తొలగించాలా?
"ఉండనీ," అంది రోజెన్.
"లెక్క తప్పుతుందత్తా."
"తప్పనీ."

ఇవాళ నూట నాలుగు.
రాత్రి ఒంటిగంటకి ట్రాక్టర్లు బయల్దేరాలి.
ఎనిమిదేళ్లుగా ఆమె పుస్తకంలో ఎరుపు లేదు,
కొనడం మాత్రం మానలేదు.
రబ్బరు ప్యాంటు తొడుక్కుంటూ కిటికీలోంచి చూసింది:
నీళ్లు వదిలేసి పోయిన బురద, మైళ్ల కొద్దీ,
దాని మీద చంద్రుడు
ఏమీ ఎరగని మొహంతో.